జూబాలో జ్వరం వస్తే: దక్షిణ సూడాన్ వెళ్లేవాళ్లకు వైద్యం, ఇన్సూరెన్స్

దక్షిణ సూడాన్‌కు ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు ఇన్సూరెన్స్ అనగానే ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారని అడుగుతారు. అది రెండో ప్రశ్న. విమానం ఎవరు పంపుతారన్నది మొదటిది. గుండెపోటు, తలకు పెద్ద దెబ్బ, పక్షవాతం, డయాలసిస్ దాకా వచ్చిన కిడ్నీ, ఇలాంటివాటికి రాజధాని జూబాలో జేబు నిండా డాలర్లున్నా నమ్మకంగా వైద్యం దొరకదు. రోగిని కెన్యా రాజధాని నైరోబీకో, ఉగాండా రాజధాని కంపాలాకో చేర్చాల్సిందే. జూబా నుంచి నైరోబీ విమానంలో రెండు గంటల లోపు దారి. ఆ విమానం ఎక్కేలోపు జరగాల్సిన పనుల్లో ఒక్కటి తప్పినా రెండు రోజులు పోతాయి. ఇక్కడ రాసినదాంట్లో ఎక్కువ భాగం ఆ పనుల గురించే.

దేశం సంగతి క్లుప్తంగా. 2011 జులై 9న స్వతంత్రం వచ్చింది. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలైంది. 2016 జులైలో జూబా నగరంలోనే యుద్ధం జరిగింది. 2018 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. 2025 మార్చిలో అప్పర్ నైల్ రాష్ట్రంలోని నాసిర్ దగ్గర మళ్లీ రాజుకుంది. అక్కడ చిక్కుకున్న సైనికులను తీసుకురావడానికి వెళ్లిన ఐక్యరాజ్యసమితి హెలికాప్టర్ మీద మార్చి 7న కాల్పులు జరిగి సిబ్బందిలో ఒకరు చనిపోయారు. మే 3న ఓల్డ్ ఫంగాక్‌లో ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) ఆసుపత్రి మీద బాంబులు పడి మందుల గది కాలిపోయింది. అంటే కాపాడటానికి వచ్చే వాహనానికే రక్షణ లేదు, నిన్న ఉన్న ఆసుపత్రి రేపు ఉంటుందన్న భరోసా లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ లెక్కలన్నీ వేసుకునే నిబంధనలు రాస్తాయి.

చేతిలో ఉన్న పాలసీ అక్కడ పనిచేస్తుందా?

చాలామంది దగ్గర ఉండే మామూలు హెల్త్ పాలసీ ఇండియా దాటితే చెల్లదు. ఆరోగ్యశ్రీ అయితే జాబితాలో ఉన్న ఆసుపత్రులకే. ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో వచ్చే ట్రావెల్ పాలసీకి మూడు చోట్ల గండి ఉంటుంది. యుద్ధం, అంతర్యుద్ధం, తిరుగుబాటు వల్ల జరిగిన దేనికీ చెల్లించరు. అది విహారయాత్రకో ఆఫీసు మీటింగుకో రాసిన పాలసీ, బోరు బండి మీద, చమురు బావి దగ్గర, కట్టడాల మీద పనిచేసేవాళ్లకు కాదు. గడువు కూడా సాధారణంగా 180 రోజులతో ఆగిపోతుంది. పైగా కొన్ని కంపెనీలు దేశాల మినహాయింపు జాబితాలో అఫ్గానిస్తాన్, సిరియా, సోమాలియాల పక్కనే దక్షిణ సూడాన్ పేరు నేరుగా రాసేస్తాయి. "వరల్డ్‌వైడ్" అన్న మాట చూసి సంబరపడకండి. ఆ జాబితా చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది. ఆ పాస్‌పోర్ట్‌తో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావలసిన 18 దేశాల్లో దక్షిణ సూడాన్ ఒకటి. ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు లక్ష రూపాయలు, అది కూడా ఒక్కోసారి చేరినప్పుడు 50,000 వరకే. ఆ ధరకు మంచి పథకమే, మానొద్దు. కానీ జూబా నుంచి నైరోబీకి ఎయిర్ అంబులెన్స్ ఖర్చు పది వేల డాలర్ల పైమాటే. 50,000 రూపాయలతో దాని రెక్క కూడా కదలదు. ఏజెంటు "ఇన్సూరెన్స్ ఉందిగా" అంటే ఏ ఇన్సూరెన్సో అడగండి. చాలాసార్లు వాళ్లు చెప్పేది దీని గురించే.

కంపెనీ గ్రూప్ పాలసీ ఉంటే అదే అన్నిటికంటే నయం, మీ పేరు అందులో నిజంగా ఉంటే. సబ్ కాంట్రాక్ట్ మీద వెళ్లేవాళ్ల పేర్లు తరచూ మిగిలిపోతాయి. నెల మధ్యలో చేరినవాళ్ల పేర్లు వచ్చే నెల జాబితాలో ఎక్కుతాయి. బయలుదేరే ముందే పేరు, పుట్టిన తేదీ, మెంబర్ నంబరు ఉన్న సర్టిఫికెట్ చేతికి రావాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందు, సర్టిఫికెట్‌లో వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. మన పేర్లతో వచ్చే చిక్కు ఇది. రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తిన విదేశీ ఆపరేటర్‌కు రెండు పేర్లూ ఒకే మనిషివని నచ్చజెప్పే సమయం ఉండదు.

ఇక కొనేటప్పుడైనా, హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడైనా ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో అడిగి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఫోన్‌లో "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్న మాట క్లెయిమ్ రోజున ఎందుకూ కొరగాదు.

1. దక్షిణ సూడాన్‌లో, నేను పనిచేసే రాష్ట్రంలో, నా పనికి ఈ పాలసీ వర్తిస్తుందా? పని పేరు ఉన్నదున్నట్టు రాయండి. "సూపర్‌వైజర్" అని రాసి రిగ్గు మీద పనిచేస్తే తర్వాత ఆ ఒక్క మాట పట్టుకుంటారు.

2. ప్యాసివ్ వార్ కవర్ ఉందా? మీరు ఏ పక్షానా లేకుండా, దారిన పోతుంటే తగిలిన తూటాకు వైద్యం చేయించేది ఇదే. కొన్ని పాలసీలు ఇది ఇస్తూనే, కొత్తగా యుద్ధం మొదలైతే మొదటి 7 లేదా 14 రోజులకే పరిమితం చేస్తాయి. ఆ లోపు దేశం విడిచిపోవాలని దాని అర్థం.

3. ప్రభుత్వం వెళ్లొద్దని హెచ్చరించిన చోటికి వెళ్తే కవర్ ఉంటుందా? ఏ ప్రభుత్వం? బ్రిటన్‌లో రాసిన పాలసీ బ్రిటన్ హెచ్చరికను చూస్తుంది, మన విదేశాంగ శాఖను కాదు.

4. రోగిని విమానంలో తరలించే మెడివాక్‌కు పరిమితి ఎంత, అది వైద్యం పరిమితిలో భాగమా, విడిగానా? విడిగా కనీసం లక్ష డాలర్లు, వైద్యానికి ఇంకో లక్ష లేకపోతే ఆ పాలసీని పక్కన పెట్టమనే మా సలహా.

5. ఎక్కడికి తీసుకెళ్తారు? దాదాపు అందరూ "దగ్గర్లోని తగిన ఆసుపత్రి" అనే రాస్తారు. అంటే నైరోబీ. హైదరాబాద్ కావాలంటే రీపాట్రియేషన్ (స్వదేశానికి చేర్చడం) అన్న మాట విడిగా ఉండాలి.

6. బీపీ, షుగర్, పాత స్టెంటు సంగతి చెప్పాను, వాటికి కవర్ ఉందా? ఇక్కడ దాచితే మొత్తం క్లెయిమ్ పోతుంది.

7. దక్షిణ సూడాన్ నుంచి కలిసే నంబరు ఏది? టోల్ ఫ్రీ నంబరు అక్కడి నుంచి కలవదనే అనుకోండి. దేశం కోడ్‌తో మామూలు నంబరు, వాట్సాప్, ఈమెయిల్ మూడూ కావాలి.

యుద్ధ ప్రాంతాలకే ప్రత్యేకంగా పాలసీలు రాసే కంపెనీలు లండన్ మార్కెట్లో ఉన్నాయి. ప్రీమియం మామూలు ట్రావెల్ పాలసీకి ఎన్నో రెట్లు. ఆ ఖర్చు యజమాని పెట్టుకోవాలి, మీ జీతంలోంచి కాదు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే తేల్చుకోవాల్సిన బేరం అది. జూబా చేరాక ఎవరూ వినరు.

విమానం విషయానికొస్తే, నైరోబీ విల్సన్ విమానాశ్రయం కేంద్రంగా ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది. మైషా పేరుతో ఏడాదికింత అని కట్టే సభ్యత్వాలూ ఉన్నాయి. మీరు తీసుకునే ప్లాన్ పరిధిలో దక్షిణ సూడాన్ ఉందో లేదో చూసుకునే కట్టండి. ఇది ఇన్సూరెన్స్ కాదు. విమానంలో చేరుస్తుంది, నైరోబీ ఆసుపత్రి బిల్లు మీదే. ఐక్యరాజ్యసమితి, నమోదైన ఎన్జీవోల సిబ్బందికైతే మారుమూల ప్రాంతాల నుంచి జూబా దాకా ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపే యూఎన్‌హాస్ విమానాలు ఉంటాయి. ప్రైవేటు కంపెనీల వాళ్లు, దుకాణాల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లు ఆ లెక్కలో రారు.

బయలుదేరే ముందు

ఎల్లో ఫీవర్ టీకా లేకుండా ప్రయాణం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. అసలు పాస్‌పోర్ట్ పట్టుకెళ్లాలి. సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచి చెల్లుతుంది, 2016 జులై నుంచి జీవితాంతం చెల్లుబాటు. సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు పుస్తకంలో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా, బ్యాచ్ నంబరు రాశారా, ముద్ర పడిందా అని అక్కడే నిలబడి చూసుకోండి. ఆ పుస్తకం లేకుండా దక్షిణ సూడాన్ నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.

మిగతా టీకాలు: హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, టెటనస్, పోలియో బూస్టర్, నాలుగు రకాల మెనింజైటిస్ టీకా. ఎండాకాలంలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వ్యాపించే ఆఫ్రికా బెల్టులోనే ఈ దేశం ఉంది. 2024 అక్టోబరు 28న కలరా వ్యాప్తిని ప్రకటించారు కాబట్టి ఆ టీకా గురించి కూడా అడగండి. రేబిస్ టీకా ముందే రెండు డోసులు, సున్నా రోజున, ఏడో రోజున వేయించుకుంటే పెద్ద ఉపకారం. కుక్క కరిచాక అప్పుడు మరో రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. అక్కడ దొరకడం కష్టమైంది సరిగ్గా అదే. పాము మందు మాత్రం ఇక్కడి నుంచి పట్టుకెళ్లొద్దు. మన విషనిరోధకం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరలకు చేసింది. ఆఫ్రికా పాములకు అది పనికిరాదు.

రోజూ వేసుకునే మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోండి. చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించండి. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు ట్రమడాల్, కోడీన్, నిద్రమాత్రల్లాంటివి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే అక్కడే చిక్కుకుంటారు. ఇన్సులిన్ వాడేవాళ్లకు జనరేటర్ కరెంటు మీద నడిచే ఫ్రిజ్‌ను నమ్మడం ఎలాగన్నది సమస్య. ఫిబ్రవరి, మార్చిలో ఎండ 40 డిగ్రీల దాకా వెళ్తుంది. సూడాన్ ప్రాంతంలో నీళ్లు దాచే మట్టికుండను జీర్ అంటారు, మన మట్టికుండే. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మూతగా తడిబట్ట కప్పి నీడలో పెడితే వాడకంలో ఉన్న వయల్ నెలరోజులు గడుస్తుంది. ఇసుక ఆరిపోకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించడం మరిచిపోతే కుండ పెట్టి లాభం లేదు.

కిట్‌లో వీటితో పాటు ఓఆర్ఎస్ 20 ప్యాకెట్లు, థర్మామీటరు, వేలికి పెట్టే ఆక్సిమీటరు, సీల్ విప్పని సిరంజిలు, కాన్యులాలు రెండేసి, మలేరియా పరీక్ష కిట్లు నాలుగైదు ఉండాలి. మీ రక్తం గ్రూపు రాసిన కార్డు పర్సులో ఉంచండి. నెగటివ్ గ్రూపు వాళ్లు ముందే తోటివాళ్లలో ఎవరిది అదే గ్రూపో తెలుసుకోవాలి, బ్లడ్ బ్యాంకును నమ్ముకోలేరు.

శాటిలైట్ ఫోన్ కొనాలనుకుంటే అక్కడే కొని అక్కడే వదిలేసి రండి. తురయా, ఇరీడియం ఫోన్లు టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇండియాలోకి తేవడం నేరం. సంచిలో మరిచిపోయి తెచ్చుకున్నా పోలీసు కేసే.

జ్వరం వచ్చిన రోజు

ఇక్కడ కొంచెం నిలబడి చదవండి. విదేశీయులకు అక్కడ ఎక్కువగా ముప్పు తెచ్చేది తూటా కాదు, ఆలస్యంగా చూసుకున్న మలేరియా. మనవాళ్లకు ఇంకో భ్రమ ఉంది: "మన ఊళ్లో ఎన్నిసార్లు రాలేదు మలేరియా!" మన దగ్గర వైవాక్స్ అనే రకం కూడా చాలా ఉంటుంది. అక్కడ దాదాపు అంతా ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం, ఏడాది పొడుగునా, దేశమంతా. అది మొదలైన ఒకటి రెండు రోజుల్లో మెదడుకు ఎక్కగలదు. చిన్నప్పుడు వచ్చిన మలేరియా ఇప్పుడు కాపలా కాయదు.

ముందు జాగ్రత్త మాత్ర వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు, వెళ్లే ముందు రోజు మొదలుపెట్టి తిరిగొచ్చాక నాలుగు వారాలు. గ్లాసుడు నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడొచ్చు. ఎండకు చర్మం మాడుతుంది. మెఫ్లోక్విన్ వారానికొకటి, వెళ్లే రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. డిప్రెషన్, ఫిట్స్ ఉన్నవాళ్లకు పనికిరాదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజూ ఒకటి, తిరిగొచ్చాక ఏడు రోజులు చాలు, మన మందుల షాపుల్లో మాత్రం తేలిగ్గా దొరకదు. క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. ఏది మీకు సరిపోతుందో డాక్టరే చెప్పాలి. ఎన్ని నెలలైనా వేసుకోవాలి, రెండో నెలలో మానేసేవాళ్లే ఎక్కువ. ఇవి వేసుకుంటున్నా మలేరియా రాదన్న హామీ లేదు.

ఒంట్లో వేడి 37.5 దాటితే అదే రోజు పరీక్ష. క్రోసిన్ వేసుకుని రేపు చూద్దామనుకోవడం అక్కడ పెద్ద తప్పు. ర్యాపిడ్ కిట్ నెగటివ్ వచ్చినా వదలకండి. మన కిట్లు పట్టుకునే ప్రొటీన్ లేని ఫాల్సిపారం రకాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. కాబట్టి స్మియర్, అంటే గాజుపలక మీద పూసిన రక్తపు చుక్క, మైక్రోస్కోపు కింద చూడమనండి, 12 గంటలకోసారి మళ్లీ. మరో వైపు, ఒకసారి మలేరియా తగ్గాక కిట్ మూడు నాలుగు వారాలు పాజిటివ్ చూపుతూనే ఉండొచ్చు. అది చూసి మళ్లీ మందులు మింగనక్కర్లేదు, స్మియర్ చూడాలి. చిన్న క్లినిక్కుల్లో "మలేరియా ప్లస్ టైఫాయిడ్" అని రాసిచ్చే అలవాటు మనకు తెలిసిందే. విడాల్ పరీక్ష ఒక్కసారి చేసి చెప్పే టైఫాయిడ్‌ను అంత పట్టించుకోవద్దు.

మామూలు మలేరియాకు ఆర్టిమెథర్-లుమిఫాంట్రిన్. 35 కిలోలు దాటినవాళ్లకు 20/120 మాత్రలు నాలుగు ఒక డోసు. ఆరు డోసులు, మొత్తం 24 మాత్రలు: మొదటిది వేసుకున్న గంట నుంచి లెక్కేసి 8, 24, 36, 48, 60 గంటలకు. ఖాళీ కడుపున వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. కొవ్వు ఉన్నది ఏదైనా తినాలి, పాలు, గుడ్డు, వేరుశనగ ముద్ద. అక్కడి మార్కెట్లలో వేరుశనగ ముద్దకు కొదవ లేదు. గంటలోపు వాంతి అయితే ఆ డోసు మళ్లీ వేసుకోవాలి. రెండో రోజు జ్వరం తగ్గిందని ఆపేస్తే వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది.

లేచి కూర్చోలేకపోవడం, మాట తడబడటం, ఆగని వాంతులు, మూత్రం కోలా రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, ఫిట్స్, ఆయాసం. ఇందులో ఒక్కటి కనబడినా అది తీవ్రమైన మలేరియా, మాత్రలతో కాలయాపన వద్దు. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ కిలో బరువుకు 2.4 మిల్లీగ్రాముల చొప్పున, చేరగానే, 12 గంటలకు, 24 గంటలకు. ఒక వయల్ 60 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి డోసుకు 168 మిల్లీగ్రాములు, అంటే మూడు వయల్స్. మొదటి 24 గంటలకు తొమ్మిది. మారుమూల క్యాంపు క్లినిక్‌లో ఎన్ని వయల్స్ ఉన్నాయో చేరిన మొదటి వారంలోనే అడగండి. నాలుగుంటే ఆ మనిషికి రెండో డోసు నిండదు. కలిపిన మందు గంటలోపు వాడాలి. ఇంజెక్షన్ తర్వాత మాత్రల కోర్సు పూర్తిగా వాడాల్సిందే.

స్థానికంగా నడిచే భాష జూబా అరబిక్. "అనా అయ్యాన్" అంటే నాకు ఒంట్లో బాగోలేదు. మందు అంటే "దవా". మన దవాఖానాలో ఉన్న దవాయే.

విమానం కోసం ఫోన్

ఎంత కంగారులో ఉన్నా, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయకుండా విమానం మాట్లాడొద్దు. మీరే ఏర్పాటు చేసుకుంటే చెల్లించబోమని దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. ఫోన్ చేసేది రోగి కాదు కాబట్టి, తోటి ఇద్దరి ఫోన్లలో మీ వివరాలు ముందే ఉండాలి. అవతలివాళ్లు అడిగేవి ఇవి: పాలసీ నంబరు, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు పేరు, పుట్టిన తేదీ, ఎయిర్‌స్ట్రిప్ పేరు, పల్స్, బీపీ, ఆక్సిజన్ శాతం, జ్వరం, తెలివి ఉందా లేదా, చూస్తున్న డాక్టర్ ఫోన్ నంబరు, దారిలో, స్ట్రిప్ దగ్గర భద్రత ఎలా ఉంది. వాళ్ల డాక్టర్ మీ డాక్టర్‌తో మాట్లాడితేనే ఫైలు కదులుతుంది. ఆ డాక్టర్ ఫోన్‌లో ఛార్జింగ్ లేక ఆగిపోయిన మెడివాక్‌లు ఉంటాయి. పక్కనే ఒకరిని పవర్ బ్యాంకుతో కూర్చోబెట్టండి. మాట్లాడిన ప్రతివాళ్ల పేరు, టైమ్, కేసు నంబరు రాసుకోండి.

తర్వాత రెండు గ్యారంటీ లేఖలు వెళ్లాలి. ఒకటి విమానం కంపెనీకి, ఒకటి నైరోబీ ఆసుపత్రికి. గ్యారంటీ ఆఫ్ పేమెంట్ అంటారు దాన్ని. అది రాకుండా ఇంజన్ స్టార్ట్ కాదు, ఆసుపత్రి డిపాజిట్ లేకుండా చేర్చుకోదు. రెండో లేఖ మరిచిపోయి రోగి నైరోబీ ఎమర్జెన్సీ గుమ్మంలో గంటలు గడపడం తరచూ జరిగేదే. రెండూ వెళ్లాయా అని మీరే అడగండి.

సమయం లెక్క చూడండి. జూబాలో సాయంత్రం ఆరుకు అటూఇటుగా చీకటి పడుతుంది. ఊళ్ల బయట ఎయిర్‌స్ట్రిప్పులకు లైట్లుండవు, పగలే దిగాలి. విల్సన్ నుంచి వచ్చి, రోగిని ఎక్కించుకుని, వెలుగుండగానే లేవాలంటే మధ్యాహ్నానికల్లా అనుమతులు ముగియాలి. జూబాలో ఒంటిగంట అయితే ఇండియాలో నాలుగున్నర. పాలసీ ఇక్కడిదైతే ఆఫీసు మూసే వేళ. కాబట్టి పొద్దున ఏడింటికి అనుమానం వస్తే ఏడింటికే ఫోన్ చేయండి, "ఇంకో డోసు పడ్డాక చూద్దాం" అనకండి. అవసరం లేకపోతే రద్దు చేయొచ్చు.

వానల సంగతి ఇంకొకటి. ఏప్రిల్, మే నుంచి అక్టోబరు దాకా వానలు. దేశంలో పెద్ద భాగం మన నల్లరేగడి లాంటి నేలే. ఒక్క వాన పడితే మట్టి స్ట్రిప్ మీద చక్రం కూరుకుపోతుంది, పైలట్లు ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి గానీ దిగరు. అలాంటప్పుడు హెలికాప్టరే దిక్కు. అది మీ పాలసీలో ఉందా అన్నది కూడా ముందే అడగాల్సిన ప్రశ్న.

రోడ్డు మీద ఉగాండా వెళ్దామనుకుంటారు కొందరు. జూబా నుంచి సరిహద్దు నిములే 192 కిలోమీటర్ల తారు రోడ్డే, కానీ వాహనాలను దారికాచి కాల్చిన ఘటనలు ఎన్నో. చీకటి పడ్డాక, ఒంటరి వాహనంలో రోగిని వేసుకుని బయలుదేరడం ఏ పరిస్థితిలోనూ సరికాదు.

కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది పాస్‌పోర్ట్. వీసా పొడిగింపుకో, విదేశీయుల నమోదుకో ఇచ్చినది ఆఫీసులో ఇరుక్కుంటుంది. ఇక్కడ మనిషి స్ట్రెచర్ మీద ఉంటాడు. ఎప్పుడు ఎవరికి ఇచ్చారో, రసీదు ఎక్కడుందో తోటివాళ్లకు తెలియాలి. ప్రతి పేజీ ఫోటో, పసుపు పుస్తకం ఫోటో వాట్సాప్‌లో ఉంచండి. కెన్యాకు ఈటీఏ, ఉగాండాకు ఈవీసా మనకు అవసరం. వెంట వెళ్లే మనిషికి కూడా.

భారత రాయబార కార్యాలయం జూబాలో ఉంది. చేరిన వారంలో పేరు నమోదు చేసుకోండి. 2016 జులైలో ఆపరేషన్ సంకట్ మోచన్ కింద రెండు సీ-17 విమానాలు వచ్చి నూట యాభై మందికి పైగా తీసుకెళ్లినప్పుడు ఆ జాబితాలే పనికొచ్చాయి. అయితే అది నడిచి ఎక్కగలిగినవాళ్లను తెచ్చే ఏర్పాటు, వెంటిలేటర్ ఉన్న విమానం కాదు. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లకు అత్యవసర వైద్యానికి, మృతదేహం తరలించడానికి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సాయం ఉంటుంది. యజమాని కట్టాల్సినది కట్టనప్పుడు దాని గురించి అడగండి. పాలసీలో మృతదేహం తరలింపు అన్న అంశం ఉందో లేదో చూడటానికి చాలామంది వెనకాడతారు. చూడండి. మరణ ధ్రువీకరణ, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎంబసీ అనుమతి, పాస్‌పోర్ట్ రద్దు, ఇవన్నీ ఇంటివాళ్లు ఊళ్లో కూర్చుని చేయగలిగినవి కావు.

డబ్బు, రసీదులు

కార్డు గీకి వైద్యం చేయించుకునే చోటు కాదు. జూబా ప్రైవేటు ఆసుపత్రుల్లో ముందు నగదు డిపాజిట్, తర్వాత పరుపు. విడిగా కవర్లో 1,000 నుంచి 2,000 డాలర్లు దాచి, ఇంకెందుకూ ముట్టుకోకండి. నీలి పట్టీ ఉన్న కొత్త వంద నోట్లే. మడత, గీత, చిరుగు ఉంటే తీసుకోరు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి జూబా టీచింగ్ హాస్పిటల్. అక్కడ కూడా గ్లోవ్స్, సెలైన్ బయట కొనుక్కు రమ్మనొచ్చు.

బిల్లు దక్షిణ సూడాన్ పౌండ్లలో రాస్తే ఆ రోజు రేటు అదే కాగితం మీద రాయించి ముద్ర వేయించండి. అధికారిక రేటుకూ బజారు రేటుకూ తేడా ఉంటుంది. క్లెయిమ్ చూసేవాడు మీరు మార్చుకున్న రేటుతో కాక ఇంకో రేటుతో లెక్కవేస్తే కొంత మీకు పోవచ్చు, లెక్క కుదరకపోతే అబద్ధమనొచ్చు. డాలర్లలో కడితే డాలర్లలోనే రసీదు. మందు, పరీక్ష, బెడ్డు విడివిడిగా ఉండాలి, "చికిత్స మొత్తం" అని ఒక్క లైను రాస్తే వెనక్కి పంపుతారు. డిశ్చార్జ్ సమరీ, ల్యాబ్ రిపోర్టులు, గాయమైతే పోలీసు లేదా కంపెనీ భద్రతా అధికారి రిపోర్టు. రిపోర్టులో "కాల్పుల్లో చిక్కుకున్నాడు" అనీ, "కాల్పుల్లో పాల్గొన్నాడు" అనీ రాయడానికి మధ్య ప్యాసివ్ వార్ కవర్ మొత్తం ఆధారపడి ఉంటుంది. సంతకం పెట్టేముందు చదవండి.

తిరిగొచ్చాక

ఫాల్సిపారం తిరిగొచ్చిన మూడు నెలల దాకా బయటపడొచ్చు. కరీంనగర్‌లోనో గుంటూరులోనో జ్వరం వస్తే డాక్టర్ ముందు డెంగీ పరీక్ష రాస్తారు, తప్పు వారిది కాదు. "దక్షిణ సూడాన్ నుంచి వచ్చాను, మలేరియా స్మియర్ చూడండి" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. రెండు వారాలు దాటిన జ్వరం, ఎడమ పక్క డొక్కలో బరువు, తగ్గుతున్న ఒళ్లు ఉంటే కాలా ఆజార్ (ఇసుక ఈగలు కుట్టడంతో వచ్చే జబ్బు) పరీక్ష కూడా అడగండి. అప్పర్ నైల్, జోంగ్లై, యూనిటీ రాష్ట్రాల్లో పనిచేసినవాళ్లయితే మరీను. అక్కడ ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు పడినవాళ్లలో కొందరికి రక్తకణాలు ఆలస్యంగా విరిగిపోవడం ఉంటుంది. ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య, వారానికోసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆ బిల్లులు కూడా అదే క్లెయిమ్ ఫైలులో పెట్టాలి.